స్టేషన్ స్టాఫ్‌కి ఇంటి గొడవల మీద ట్రైనింగ్, ఎట్లా సెట్ చేయాలి?

అడిగింది: సికింద్రాబాద్ అమ్మాయి
నమస్తే అండి. మాది చిన్న ఎన్జీవో, ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తాం. ఇంట్లో కొట్టుకుంటున్నారని 100కి ఫోనొస్తే వెళ్ళే కానిస్టేబుళ్ళకి రెండ్రోజుల ట్రైనింగ్ పెడదామంటే ఏసీపీ గారు సరే అన్నారు, డేట్లు నన్నే చెప్పమన్నారు. సెప్టెంబర్‌లో ఒకేసారి నలభై మందిని పిలుద్దామనుకుంటున్నా. లాయర్, సైకియాట్రిస్ట్ రెడీ. ఇంకేం చూసుకోవాలి?

రిటైర్డ్ ఎస్సై
సెప్టెంబరా తల్లీ! గణేష్ బందోబస్తులో ఎవర్నిస్తారు? లిస్టులో నలభై పేర్లుంటయ్, వచ్చేది పది మంది, అందులో సగం స్టేషన్లో రాతపని చేసే రైటర్లు. బోనాలు, నిమజ్జనం, దసరా అన్నీ అయిపోయినంక పెట్టు. స్టేషన్‌కి నలుగురు చాలు, కానీ బైకుల మీద గస్తీ తిరిగే బ్లూ కోల్ట్స్, పెట్రోలింగ్ కారు వాళ్ళే కావాలని అడుగు, గడప తొక్కేది ముందు వాళ్ళే కదా. పైనుంచి మెమో రాకపోతే ఎవర్నీ రిలీవ్ చెయ్యరు, నోటిమాట నమ్ముకోకు. నైట్ డ్యూటీ దిగినోళ్ళని మాత్రం వద్దను, ఏసీ హాల్లో గురకే.

కౌన్సెలర్ అక్క
లాయర్ గారి పీపీటీ గంటకి మించనివ్వకు, మిగతాదంతా రోల్ ప్లే పెట్టు. మొగుడు తాగి గుమ్మంలో నిలబడి 'మా ఇంటి మ్యాటర్ సార్, మీరెళ్ళండి' అంటాడు, అత్త టీ తెస్తానంటుంది, కోడలు కొంగుతో మణికట్టు కప్పుకుని గోడ పక్కన నిలబడి ఉంటుంది. అప్పుడేం చేస్తారు? ఒకరు అతన్ని బయటికి తీస్కెళ్ళాలి, ఇంకొకరు ఆమెతో విడిగా మాట్లాడాలి, వంటింట్లో మాత్రం వద్దు, కత్తిపీట అక్కడే ఉంటుంది. 'అడ్జస్ట్ అవ్వమ్మా' అన్నవాళ్ళతో మళ్ళీ మొదట్నుంచి చేయించు. 2005 గృహహింస చట్టం సెక్షన్ 5 ప్రకారం బాధితులకి సాయం చేసే ప్రభుత్వ ప్రొటెక్షన్ ఆఫీసర్ గురించి, ఉచిత లాయర్ గురించి ఆమెకి చెప్పడం పోలీసు డ్యూటీ, దయ కాదు. పాతబస్తీ బ్యాచ్‌కి ఉర్దూలో పెట్టు.

సైకాలజీ స్టూడెంట్
అమెరికాలో మెంఫిస్ పోలీసులు 1988లో మొదలుపెట్టిన క్రైసిస్ టీమ్ (మానసిక సమస్యల కాల్స్‌కి వెళ్ళే పోలీసులు) ట్రైనింగే 40 గంటలు, రెండ్రోజుల్లో అంత ఎక్కదు. మతిస్థిమితం లేక గోల చేసేవాళ్ళ గురించి కనీసం ఇదైనా చెప్పండి: 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం పోలీసులు తమ రక్షణలోకి తీసుకున్న అలాంటివాళ్ళని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీస్కెళ్ళాలి. ఇంట్లో ఎవరైనా చచ్చిపోతానంటుంటే కేసు పెడతామని బెదిరించకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్ ఇవ్వాలి, పరిస్థితి చేయి దాటేలా ఉంటే మాత్రం నేరుగా ఆసుపత్రికే.

సికింద్రాబాద్ అమ్మాయి
థాంక్యూ అందరికీ! నవంబర్‌కి మార్చేశా, మెమో కోసం రేపే తిరుగుతా. అత్త వేషానికి ఎవరైనా ఉన్నారా, మా ఆఫీసులో అందరూ కోడళ్ళే.