సిటీ ఆఫ్ హీరోస్: రేంజ్డ్ డిఫెన్స్ 45 దాటినా దెబ్బలు తగల్తానే ఉన్నాయి, ఎందుకు?

కపిలతీర్థం07 (తిరుపతి)

అన్నలారా, సిటీ ఆఫ్ హీరోస్ ఆన్‌లైన్ గేమ్‌ని ఫ్యాన్లు నడిపే హోమ్‌కమింగ్‌లో ఆడతా ఉన్నా, రీయూనియన్ సర్వర్, లెవెల్ 50 బ్లాస్టర్ (దూరం నుంచి కొట్టే హీరో). సెట్ బోనస్‌లు (ఒకే సెట్ ఎన్‌హాన్స్‌మెంట్లు కలిపి పెడితే వచ్చే లాభాలు) పోగేసి రేంజ్డ్ డిఫెన్స్, అంటే దూరపు దెబ్బల్ని తప్పించుకునే శాతం, 45.2కి తెచ్చినా. సాఫ్ట్ క్యాప్ 45 అంటారు గదా, ఆ లెక్కన నూటికి 5 దెబ్బలే తగలాల. మామూలు మిషన్లలో అట్లే ఉంది. ఇంపీరియస్ టాస్క్ ఫోర్స్ (సిమెరోరాలో జరిగే పెద్ద టీమ్ మిషన్) ప్లస్ 2లో, అంటే శత్రువులు మనకన్నా రెండు లెవెల్స్ పైన ఉండేట్టు, పెడితే మాత్రం గుంపు దగ్గరికి పోయిన పది సెకన్లకే పడిపోతా ఉన్నా.

శత్రువు లెవెల్ పెరిగితే 45 చాలదా, 50 దాకా తేవాలా? లేకపోతే మన ఊరి నుంచి యూరప్ సర్వర్‌కి ఉండే పింగ్ వల్లనా? డిఫెన్స్ ఇంకా పెంచాలంటే సెట్లన్నీ మార్చాల, అంత ఇన్‌ఫ్లుయెన్స్ (ఆటలో డబ్బు) ఖర్చు పెట్టే ముందు అడగతా ఉన్నా.

పాకాల జంక్షన్

పింగ్ సంగతి ముందు వదిలేయి తమ్ముడూ. దెబ్బ తగిలిందా లేదా అనే పాచిక సర్వర్‌లోనే పడుతుంది. పింగ్ ఎక్కువైతే నీ మందు బటన్ ఆలస్యంగా పనిచేస్తుందేమో గానీ శత్రువు గురి మారదు.

ఇంక లెక్క. ఇది రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టులో శత్రువు మూల టు-హిట్ (దెబ్బ తగిలే అవకాశం) 50 లోంచి నీ డిఫెన్స్ తీసేస్తారు. వచ్చింది 5 కన్నా తక్కువైతే 5 దగ్గరే ఆపుతారు. రెండో మెట్టులో ఆ మిగిలిన దాన్ని శత్రువు అక్యురసీతో గుణిస్తారు, మళ్లీ 5కీ 95కీ మధ్యలో కట్టేస్తారు. 50 లోంచి 45 పోతే 5, అందుకే 45ని సాఫ్ట్ క్యాప్ అనేది.

లెవెల్ తేడా, హోదా రెండూ పడేది ఈ రెండో మెట్టులో. ప్లస్ 1కి 1.1, ప్లస్ 2కి 1.2, అట్లా ప్లస్ 5కి 1.5. హోదాలో అందరికన్నా చిన్న మినియన్‌కి 1, లెఫ్టినెంట్‌కి 1.15, బాస్‌కి 1.3, ఆర్చ్‌విలన్‌కి 1.5. ప్లస్ 4 బాస్ అయితే 5 × 1.3 × 1.4 = 9.1 శాతం. నువ్వు డిఫెన్స్ 45 నుంచి 60కి తెచ్చినా ఆ 9.1 అట్లే ఉంటుంది, ఎందుకంటే మొదటి మెట్టులో 5 కింద పోనివ్వరు. కాబట్టి లెవెల్ కోసం 50 చేయాలనే మాట ప్లస్ 5 దాకా తప్పు. 2006లో ఇష్యూ 7 (ఆట అప్‌డేట్) రాకముందు లెక్క వేరేగా ఉండేది, పాత గైడ్లు చదివిన వాళ్లు ఇక్కడే తికమక పడతారు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాల. డిఫెన్స్ చివరి శాతాలే విలువైనవి. 0 నుంచి 5కి పెంచితే తగిలే దెబ్బలు 50 నుంచి 45కి వస్తాయి, పదో వంతు తగ్గినట్టు. 40 నుంచి 45కి పెంచితే 10 నుంచి 5కి వస్తాయి, సగానికి సగం. అందుకని మెలీ (దగ్గరి దెబ్బ), రేంజ్డ్, ఏరియా (ఒకేసారి చానామందికి తగిలేది) మూడు రకాల్లోనూ 25, 25, 25 పెట్టుకునే దానికన్నా ఒకదాన్ని 45కి తేవడం మేలు. నువ్వు చేసిన పని తప్పు కాదు.

మెలీ, ఏరియా, స్మాషింగ్ (మొద్దు దెబ్బ), లీథల్ (కత్తి, తూటా దెబ్బ) డిఫెన్స్ ఎంతున్నాయో చెప్పు. అసలు విషయం అక్కడుంటుందని నా అనుమానం.

కపిలతీర్థం07

కంబాట్ ఆట్రిబ్యూట్స్ (మన అంకెలు చూపే విండో)లో చూసినా అన్నా. మెలీ 22, ఏరియా 26, స్మాషింగ్ లీథల్ రెండూ 31, ఎనర్జీ 27. ఇవన్నీ కలిస్తే చానా వస్తుంది అనుకున్నా, కలవవా?

కాణిపాకం రోడ్ (చిత్తూరు)

కలవవు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. కొండెక్కే మనిషి ఒక దారిలోనే పోతాడు, రెండూ కూడి 5,938 ఎక్కడు. ఇక్కడా అంతే. ప్రతి దెబ్బకీ మామూలుగా ఒక దిక్కు ముద్ర (మెలీ, రేంజ్డ్, ఏరియా) ఉంటుంది, ఒకటో రెండో రకం ముద్రలు (లీథల్, ఎనర్జీ లాంటివి) ఉంటాయి. ఆ ముద్రలకి సరిపోయే నీ డిఫెన్స్‌లలో ఏది పెద్దదో అదొక్కటే లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు సిమెరోరా సైనికుడి కత్తి దెబ్బ చూడు. దాని ముద్రలు మెలీ, లీథల్. నీకు మెలీ 22, లీథల్ 31, పెద్దది 31. నువ్వు కష్టపడి తెచ్చిన 45.2 రేంజ్డ్ ఈ దెబ్బకి పనికే రాదు. 50 లోంచి 31 పోతే 19. ప్లస్ 2 మినియన్ అయితే 19 × 1.2 = 22.8. లెఫ్టినెంట్ అయితే 26.2. బాస్ అయితే 29.6. నూటికి 5 అనుకుని దిగుతా ఉన్నావు, నిజంగా తగిలేది నాలుగింట ఒకటి.

అంతటితో పోదు. ఆ కత్తి దెబ్బ తగిలిన ప్రతిసారీ నీ డిఫెన్స్ కొన్ని సెకన్లు తగ్గుతుంది. ఒక్కో దెబ్బకి 7 తగ్గుతుంది అనుకుని లెక్కేయి: 31, 24, 17, 10. మూడు దెబ్బలు తగిలేటప్పటికి మొదటి మెట్టు అంకె 19 నుంచి 40 అవుతుంది. తగ్గే కొద్దీ ఎక్కువ తగుల్తాయి, తగిలే కొద్దీ ఇంకా తగ్గుతుంది. చుట్టూ పది మంది ఉంటే అందరి దెబ్బా ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. నీ పది సెకన్ల కథ ఇదే. సూపర్ రిఫ్లెక్సెస్ (డిఫెన్స్ పవర్ల సెట్) ఉండే స్క్రాపర్‌ని, అంటే దగ్గరి నుంచి కొట్లాడే హీరోని, ఇదే గుంపు కదిలించలేదు. వాడికి డిఫెన్స్ తగ్గకుండా కాపాడే నిరోధం 95 శాతం దాకా ఉంటుంది, 7 తగ్గాల్సిన చోట 0.35 తగ్గుతుంది. బ్లాస్టర్‌కి అది సొంతంగా లేదు.

కాబట్టి 45 దాటిస్తే లాభమే లేదనడం కూడా పూర్తి నిజం కాదు. డిఫెన్స్ తగ్గించే శత్రువుల ముందర 52 ఉంటే మొదటి దెబ్బ తిన్నా 45 మిగుల్తుంది. కానీ నీకు ఆ అదనం కావాల్సింది రేంజ్డ్‌లో కాదు.

పాకాల జంక్షన్

అన్న చెప్పింది సరిగ్గా అదే. ఇప్పుడు ఏం చేయాలో చెప్తా, సెట్లు పీకేయొద్దు.

ముందు ఖర్చు లేని పని. హోవర్ (గాల్లో తేలే పవర్) వేసుకుని కత్తికి అందనంత ఎత్తులో ఉండు. అప్పుడు వాళ్లు నీ మీద వాడేవి ఎక్కువగా దూరపు దెబ్బలే, నీ 45.2 లెక్కలోకి వస్తుంది. రేంజ్డ్ బ్లాస్టర్ కట్టుకున్న వాళ్లు పైనుంచి కొట్టేది ఇందుకే. ట్యాంకర్ (టీమ్ కోసం దెబ్బలు కాచే హీరో) గుంపుని పట్టుకునే దాకా ఆగు.

తర్వాత లక్ మందు. చిన్న లక్ ఒకటి అన్ని రకాలకీ 12.5 ఇస్తుంది, నిమిషం ఉంటుంది. లీథల్ 31 కాస్తా 43.5 అవుతుంది, 19 ఉండే అంకె 6.5కి పడుతుంది. 32.5 ఉంటే ఒక్క లక్‌తో సరిగ్గా 45. అందుకే చానామంది 32.5ని గురిగా పెట్టుకుంటారు. నీకు 1.5 మాత్రమే తక్కువ! ఒకే రకం, ఒకే సైజు మందులు మూడు ఉంటే కుడి క్లిక్ కొట్టి వాటిని ఒక లక్‌గా మార్చుకోవచ్చు. లక్ మింగాల్సింది గుంపులోకి పోకముందు. డిఫెన్స్ సగం జారినాక మింగితే ఆ 12.5 గుంత పూడ్చడానికే సరిపోతుంది.

శాశ్వతంగా పెంచాలంటే స్టెడ్‌ఫాస్ట్ ప్రొటెక్షన్ సెట్‌లో ఒకటి, గ్లాడియేటర్స్ ఆర్మర్ సెట్‌లో ఒకటి, అన్నిటికీ 3 శాతం డిఫెన్స్ ఇచ్చే ముక్కలు ఉన్నాయి. రెండూ రెసిస్టెన్స్ పవర్‌లో (దెబ్బ బలం తగ్గించేది) పెట్టాల, టఫ్ అనే పవర్ ఉంటే అందులోనే పట్టిపోతాయి. రెండూ పెడితే 31 కాస్తా 37. మెలీ 28 అవుతుంది. ఇన్ని రకాలకీ ఒకేసారి 6 ఇచ్చే బేరం ఇంకెక్కడా దొరకదు, ముందు ఇవి కొను.

వీవ్ (డిఫెన్స్ పెంచే పవర్) ఉందా? బ్లాస్టర్‌కి మూలంగా 3.5 ఇస్తుంది. సమాన లెవెల్ డిఫెన్స్ ఎస్‌ఓలు (సింగిల్ ఆరిజిన్ అనే మామూలు ఎన్‌హాన్స్‌మెంట్లు) మూడు పెడితే 60 శాతం పెరగాల్సింది, ఒకే రకం ఎక్కువ పెడితే పడే కోత పోయి 56 వస్తుంది, అంటే 5.46. నాలుగోది పెడితే 5.57. ఆ 0.1 కోసం స్లాట్ పారేయొద్దు.

కపిలతీర్థం07

వీవ్ ఉంది, నాలుగు పెట్టి ఉన్నా. ఒకటి తీసి స్టెడ్‌ఫాస్ట్‌కి స్లాట్ మిగుల్చుకుంటా. ఇన్‌కార్నేట్ ట్రయల్స్‌కి (లెవెల్ 50 అయినాక ఆడే పెద్ద టీమ్ మిషన్లు) ఇదే లెక్కనా?

కాణిపాకం రోడ్ (చిత్తూరు)

కాదు. లాంబ్డా లాంటి ట్రయల్స్‌లో శత్రువుల మూల టు-హిట్ 64, అక్కడ సాఫ్ట్ క్యాప్ 59. నీ 45.2 రేంజ్డ్‌కి అక్కడ 18.8 తగుల్తాయి. చిన్న లక్ ఒకటి వేస్తే 57.7 డిఫెన్స్, 6.3 తగుల్తాయి. రెండు వేస్తే 5 మీద నిలుస్తుంది.

ఇంకో స్లాట్ విషయం. ఎన్‌హాన్స్‌మెంట్ స్లాట్‌ని వీవ్ నుంచి ఊరికే తీసి టఫ్‌లో పెట్టలేవు. రీస్పెక్ (పవర్లు, స్లాట్లు మొదటి నుంచి మళ్లీ ఎంచుకోవడం) చేయాల. రీస్పెక్‌కి ముందు నీ బిల్డ్ మొత్తం ఒకచోట రాసి పెట్టుకో, హడావిడిలో స్లాట్ ఒకటి అటూ ఇటూ అయితే మళ్లీ మొదటికొస్తుంది.

పోరాటం నడిచేటప్పుడే అంకెలు కనపడాలంటే కంబాట్ ఆట్రిబ్యూట్స్‌లో రేంజ్డ్, మెలీ, లీథల్ డిఫెన్స్‌ల మీద కుడి క్లిక్ కొట్టి మానిటర్ పెట్టుకో. చాట్‌లో కొత్త ట్యాబ్ తెరిచి హిట్ రోల్స్ కలుపుకుంటే ఒక్కో దెబ్బకీ ఎంత శాతం అవకాశం ఉండిందో కనపడుతుంది. రెండూ పక్కపక్కన చూస్తే డిఫెన్స్ జారడం ఎక్కడ మొదలైందో అనుమానం లేకుండా తెలుస్తుంది.

డిఫెన్స్ తగ్గించకుండానే టు-హిట్ పెంచుకునే గుంపులు వేరే ఉన్నాయి, వాటి ముందు కూడా 45 చాలదు. డివౌరింగ్ ఎర్త్ గుంపు వాళ్లు నాటే క్వార్ట్జ్ (వాళ్ల టు-హిట్ పెంచే స్ఫటికం) కనపడితే మిగతా అందరినీ వదిలేసి ముందు దాన్ని పగలగొట్టు. నెమెసిస్ గుంపులో లెఫ్టినెంట్ చచ్చినప్పుడల్లా పక్కవాళ్లకి టు-హిట్ పెంచే వెంజెన్స్ పడుతుంది, కాబట్టి లెఫ్టినెంట్లని చివర్లో కొట్టు.