కొత్త కారు బానెట్‌పై కంకర దెబ్బలు: మొత్తం రంగు వేయించాలా?

ప్రశ్న: నాలుగు నెలల క్రితం కొన్న మా తెల్ల కారులో విజయవాడ నుంచి హైదరాబాదుకు వస్తుండగా, ముందు వెళ్తున్న కంకర లారీ నుంచి ఎగిరిపడిన రాళ్లకు బానెట్ అంచున మూడు చోట్ల, బంపరుపై ఒకచోట రంగు లేచిపోయింది. బానెట్‌పై ఒక మచ్చలో లోహం కనిపిస్తోంది. షోరూమువారు బానెట్ మొత్తానికి రంగు వేయించుకోమంటున్నారు. అది అవసరమేనా?

మొదటి సమాధానం: నా దృష్టిలో అవసరం లేదు. కంపెనీలో కాల్చి ఆరబెట్టిన రంగుతో సమానమైన పని బయట దొరకడం కష్టం కనుక, బియ్యపుగింజంత మచ్చల కోసం దాన్ని పోగొట్టుకోకండి. బంపరు ప్లాస్టిక్ కాబట్టి తుప్పు భయం లేదు. లోహం తేలిన మచ్చను మాత్రం వానలకు ముందే మూయాలి. కారుపై ఉండే స్టిక్కరులోని రంగు కోడ్ చూసి టచప్ పెన్ను (చిన్న మచ్చలకు రంగు పూసే పెన్ను) కొనండి. మచ్చను కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, లోహం ఉన్నచోట ముందుగా ప్రైమరు (రంగు కింద వేసే తొలి పూత) చుక్క పెట్టి, ఆరాక అగ్గిపుల్ల మొనతో రంగును పలచటి పొరలుగా నింపి, చివర క్లియర్ కోటు (రంగు పైన వేసే పారదర్శక పూత) వేయండి. ఎండలో కాగిన బానెట్‌పై ఈ పని చేయవద్దు.

రెండవ సమాధానం: ఇంత చిన్నదానికి బీమా క్లెయిము చేస్తే, రెన్యువల్‌లో రావలసిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. ఈ ఆదివారం ఉదయం నీడలో ప్రయత్నిస్తాను.