డీఎన్ఏ నానో కణాలతో క్యాన్సర్ మందు: రోగి దాకా వచ్చేదేనా?

గుంటూరు లత:
మా పిన్నికి రొమ్ము క్యాన్సర్. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు గుండెను దెబ్బతీయొచ్చని, మొదలుపెట్టే ముందు, మధ్యలోనూ గుండెకు ఎకో తీశారు. తీసిన ప్రతిసారీ ఇంటిల్లిపాదికీ టెన్షనే. కణితి ఒకచోట ఉంటే మందు ఒళ్లంతా ఎందుకు తిరగాలి? 2018లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు డీఎన్ఏ రేకును గొట్టంలా చుట్టి, లోపల రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ దాచి ఎలుకలకు ఎక్కించారు. కణితి రక్తనాళాల్లో న్యూక్లియోలిన్ అనే ప్రోటీన్ తగలగానే గొట్టం విచ్చుకుంది, కణితికి రక్తం ఆగింది. మరి మనుషులకు ఎందుకింత ఆలస్యం?

కెమిస్ట్రీ మాస్టారు:
లత గారూ, ఎలుకను చూసి రోగికి ఆశ పెట్టకూడదమ్మా. ఇలా మందు మోసే అతి సూక్ష్మమైన నానో కణాల మీద పదేళ్ల ప్రయోగాలను 2016లో ఒక సమీక్షలో లెక్కేస్తే, ఎక్కించిన దాంట్లో కణితికి చేరిన మోతాదు మధ్యస్థంగా 0.7 శాతమే. కాలేయం, ప్లీహం చాలావరకు పట్టేస్తాయి. డీఎన్ఏకైతే రక్తంలో దాన్ని కోసే ఎంజైములూ ఉన్నాయి.

పరిశోధక విద్యార్థి:
మాస్టారూ, ఎంజైముల నుంచి కాపాడే పూతలు ల్యాబుల్లో వచ్చాయండి. శాతం ఒక్కటే చూస్తే డాక్సిల్ కూడా వచ్చేది కాదు. డాక్సోరుబిసిన్‌ను కొవ్వు బుడగలో పెట్టిన ఆ మందుకు అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో మామూలు మందుతో సమానంగానే పనిచేసింది, గుండెకు దెబ్బ మాత్రం బాగా తగ్గింది. లత గారి బాధ కూడా గుండె గురించే కదా! పైగా ఆ బుడగకు తాళం లేదు, డీఎన్ఏకైతే ఫలానా ప్రోటీన్ తగిలితేనే తెరుచుకునే తాళం పెట్టగలం. 2006లో అమెరికా శాస్త్రవేత్త పాల్ రోత్‌మండ్ పొడవాటి వైరస్ డీఎన్ఏ పోగును 200కు పైగా చిన్న పోగులతో కుట్టి, కోరిన ఆకారాలకు మడిచి చూపించారు.

కెమిస్ట్రీ మాస్టారు:
గుండె మాట ఒప్పుకుంటాను. కానీ డాక్సిల్‌తో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కుతాయి. బాధ చోటు మారింది. ఇక త్రాంబిన్ గొట్టం మెదడు రక్తనాళంలో విచ్చుకుంటే?

గుంటూరు లత:
చిన్న పందుల్లో ప్రమాదం కనిపించలేదని ఆ పరిశోధనలోనే ఉంది మాస్టారూ. కానీ అవి ఆరోగ్యంగా ఉన్న పందులు. క్యాన్సర్ రోగికి రక్తం అసలే తొందరగా గడ్డకడుతుంది. మీ భయం నాకూ పట్టుకుంది. త్రాంబిన్ బదులు డాక్సోరుబిసినే పెడితే? అది నిచ్చెనలా ఉండే డీఎన్ఏ మెట్ల మధ్య దానంతట అదే ఇరుక్కుంటుందని చదివాను.

పరిశోధక విద్యార్థి:
అవునండీ, ఎలుకల్లో ఆ ప్రయోగాలూ జరిగాయి. దానంతట అదే ఇరుక్కున్నది దారిలో దానంతట అదే ఊడకుండా చూడటమే కష్టం.