గుంత తవ్వేశారు, పైపులు రాలేదు: 75 లైను 110లో కలిసేచోట రెడ్యూసర్ చదును కిందికా, పైకా?

గుణుపురం_గట్టు
అందరికీ నమస్కారం. గుణుపురంలో కింద ఇల్లు ఒకటే, మీద అంతస్తు లేదు. లెట్రిన్ లైను వేరుగా సెప్టిక్ ట్యాంకుకి పోతోంది, దాని జోలికి పోవద్దు. అడిగేది వంటగది, స్నానాలగది వాడుక నీళ్ల లైను గురించే. గోడ వెంబడి 6 మీటర్లు 75 మి.మీ. పైపు, అక్కణ్ణుంచి పెరట్లో 8 మీటర్లు 110 మి.మీ., చివర చాంబర్, చాంబర్ నుంచి వీధి కాలువ. మొదటి ట్రాప్ (వాసన రాకుండా నీరు నిలిపే ముక్క) దగ్గర పైపు అడుగుకీ చాంబర్లో పడే పైపు అడుగుకీ 360 మి.మీ. తేడా దొరికింది. అంతకన్నా లోతుకి దించితే వానలప్పుడు కాలువ నీరు ఎదురు తంతుంది.

75ని 110కి కలిపే ముక్క రెడ్యూసర్, దానికి ఒక వైపు చదును. తాపీ మేస్త్రి ఆ చదును వైపు కిందికి పెట్టమంటున్నాడు. పర్లాకిమిడి ప్లంబర్ పైకి పెట్టమంటున్నాడు. షాపాయన బుష్ (లోపల దూర్చే ఉంగరం) చాలదా అంటున్నాడు. ఏది నిజం?

పైపుల_పంతులు
మేస్త్రి మాటే వినండి. చదును కిందికి. రెండు పైపుల అడుగులూ ఒకే గీత మీద ఉంటే నీళ్లు ఎక్కడా మెట్టు దిగక్కర్లేదు, మీ 360లో ఒక్క మిల్లీమీటరు కూడా పోదు. 40కి 1 వాలు అంటే మీటరుకి 25 మి.మీ. 75 లైనుకి 150, 110 లైనుకి 200, మొత్తం 350. చేతిలో 10 మి.మీ. మిగులు.

చదును పైకి పెడితే లెక్క తప్పుతుంది. మురుగుకి వాడే మందపాటి రకం, టైప్ బి పైపులో 75కైనా 110కైనా గోడ మందం 3.2 మి.మీ. కాబట్టి లోపలి కొలతలు 68.6, 103.6. తేడా 35. ఆ 35 రెడ్యూసర్ దగ్గరే దిగిపోతుంది, 385 కావాలి, మీకు లేదు. అంటే మీటరున్నర దూరానికి సరిపడా వాలు ఒక్క ఫిట్టింగ్ మింగేస్తుంది.

వాలు_లెక్క
పంతులుగారూ, కూడిక తప్పు లేదు, చూసిన వైపే తప్పు. అడుగులు రెండూ కలిపేశారు, మరి పెద్ద పైపు సగం నిండితే చిన్న పైపు సంగతేంటి? 110లో సగం అంటే 52 మి.మీ. అడుగులు సమంగా ఉంటే 75 మూతి దగ్గరా అదే 52, అంటే 68.6లో ముప్పాతిక మునిగినట్టు. అదే చదును పైకి పెట్టి నెత్తులు కలిపితే 17 మి.మీ. మాత్రమే. చదును లేని సెంటర్ రెడ్యూసరైతే మధ్యలో, 34 దాకా. 40కి 1 వాలులో ఆ నిలవనీరు చదును కిందికైతే రెండు మీటర్లు వెనక్కి పాకుతుంది, పైకైతే 70 సెంటీమీటర్లు కూడా పాకదు.

110కి 40కి 1 ఎందుకు పట్టుకున్నారు? మలం లేని లైను ఇది. 50కి 1 చాలు. అప్పుడు 150, 160, మధ్యలో 35, కలిపి 345. మీ 360లో ఇంకా 15 మిగులుతుంది.

పైపుల_పంతులు
సగం నిండాలంటే ఎన్ని నీళ్లు కావాలో వేసి చూశారా? 40కి 1 వాలులో 110 పైపు నిండుగా పారితే సెకనుకి పది లీటర్ల పైమాటే. సగానికి అయిదు. ఒక వంటింటి సింకు, ఒక స్నానాలగది అయిదు లీటర్లు ఎక్కణ్ణుంచి తెస్తాయి? ఇరవై లీటర్ల బకెట్టు ఒక్కసారి కుమ్మరించినా జాలీ అంత వేగంగా దింపదు. ఈ ఇంట్లో 110 నీళ్ల వల్ల సగం నిండదు. చాంబర్ బ్లాకైతేనే నిండుతుంది. అప్పుడు మీ 35 మి.మీ. ఏ పనికీ రాదు. రెండు చివర్ల ఎత్తులూ ముందే ఖాయం కదా, చాంబర్లో నీటిమట్టం ఎంత ఎత్తుందో ట్రాప్ దగ్గరా అంతే. మధ్యలో మెట్టు ఎక్కడ పెట్టినా పైకి వచ్చే నీరు పైకే వస్తుంది.

వాలు_లెక్క
ఇది ఒప్పుకుంటున్నాను. ఎదురుతన్నే నీటికి తేడా లేదు. కానీ బురదకి ఉంది. పెరటి స్నానాలగది నుంచి ఎర్రమట్టి, గిన్నెలు తోమిన బూడిద, గంజి దిగుతాయి. 110 అడుగున 20 మి.మీ. మడ్డి పేరుకుందనుకోండి. చదును కిందికి పెడితే ఆ మడ్డి 75 మూతిలోనే 20 మి.మీ. నిలుస్తుంది, నీళ్లు దాన్ని దాటి దిగాలి. పైకి పెడితే మూతి అడుగు ఇంకా 15 మి.మీ. ఎత్తున శుభ్రంగా ఉంటుంది.

నాగావళి_ఒడ్డు
రాయగడ నుంచి ఒక మాట. కింద పైన అని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు, అసలు 110 ఎందుకని ఒక్కరూ అడగలేదు. 75 పైపు 40కి 1 వాలులో నిండుగా సెకనుకి మూడున్నర లీటర్లు లాగుతుంది. ఈ ఇంటికి ఎక్కువే. 14 మీటర్లూ 75 వేసేయండి, 350 మి.మీ. సరిపోతుంది, రెడ్యూసర్ కొననే అక్కర్లేదు. చిన్న పైపులో నీరు లోతుగా పారి మడ్డిని తోసుకుపోతుంది కూడా.

వాలు_లెక్క
లోతుగా పారుతుందన్నది అందరూ అనే మాటే, లెక్క అంత గొప్పగా లేదు. కుళాయి సెకనుకి 0.2 లీటర్లు వదిలితే అదే వాలులో 75లో సుమారు 11 మి.మీ. లోతు, 110లో 10. వేగం సెకనుకి 0.52, 0.48 మీటర్లు. ఇంచుమించు ఒకటే. అంటే 75 గెలిచేది డబ్బులోనూ ఎత్తులోనూ, శుభ్రతలో కాదు. ఇంకొకటి, నేను చెప్పిన 50కి 1 లో 110 వేగం 0.44కి పడుతుంది. అది కూడా నా వాదనకి లోటే అనుకోండి.

బరంపురం_కౌంటర్
షాపులో దొరికేది కూడా చూడండి, తరవాత కొట్టుకుందురు. మురుగు లైను ఫిట్టింగుల్లో 110×75 రెడ్యూసర్ మామూలుగా పక్కకి జరిగిన గొట్టమే వస్తుంది, ఒక వైపు చదును. 75 వైపు సాకెట్, 110 వైపు సాదా చివర. అంటే 75 పైపు దాన్లోకి దూరుతుంది, దాని 110 చివర తరవాతి పైపు సాకెట్లోకి దూరుతుంది. సాకెట్లన్నీ నీరు వచ్చే వైపు చూస్తాయి, తిరగేసి పెట్టే వీలే తక్కువ.

బుష్ అనేది నీళ్ల మోటారు లైను వస్తువు. లావాటి ఉంగరం, లోపల నిలువు మెట్టు. అదే సరుకులో వచ్చే టీ కూడా మురుగుకి వాడకండి, కొమ్మ నిటారుగా అతికించినట్టుంటుంది. మురుగు టీకి కొమ్మ నీరు పోయే వైపు వంగి ఉంటుంది. రెండింటి బయటి కొలత 110 ఒకటే కాబట్టి ఒకదాన్లో ఒకటి దూరుతుంది, అక్కడే మోసపోతారు.

అంగుళాల్లో అడగొద్దు. మురుగులో 75ని చాలామంది మూడంగుళాలంటారు, మోటారు లైనులో మూడంటే 90. పైపు మీద మి.మీ. అంకె, ఐఎస్ 13592, టైప్ బి అని ఉందో లేదో చదివి తీసుకోండి. టైప్ ఎ పలచన, 110కి గోడ 2.2 మి.మీ., 75కి 1.8. అది వాననీటికి, గాలి గొట్టానికి. ఫిట్టింగు మీద ఐఎస్ 14735 ఉండాలి.

గుణుపురం_గట్టు
మరి బుష్‌లో నిలువు మెట్టుంది కదా, వెంట్రుకలు అక్కడ చిక్కుకోవా? అలాగే ఒక అనుమానం. పెద్దదాన్నుంచి చిన్నదానికి తగ్గించకూడదంటారు. నహానీ ట్రాప్ (స్నానాలగది నేల జాలీ కింద పెట్టేది) 110×75 అని రాసి అమ్ముతున్నారే, అది తప్పు కాదా?

నాగావళి_ఒడ్డు
తప్పు కాదు. 110 అనేది ట్రాప్ ఒంటి కొలత, జాలీ కూర్చోడానికీ చెయ్యి పెట్టి తీయడానికీ. పైపు అక్కడ మొదలవడమే 75తో మొదలవుతుంది. జాలీ మీద చెత్త ఆగిపోతుంది. చూడాల్సింది దాన్లో నీటిముద్ర, అంటే వాసన ఆపే నిలవనీటి లోతు, 50 మి.మీ. ఉండాలి. అసలు తప్పు ఏదంటే, 110 పైపు పారుతూ వచ్చి బీమ్‌లో రంధ్రం చిన్నదని అక్కడ 75కి కుదించి మళ్లీ 110 చేయడం. ఆ నోటి దగ్గర ప్రతి గుడ్డపేలికా ఆగుతుంది.

పైపుల_పంతులు
బుష్ సంగతి: 75 నుంచి 110కి పోయేటప్పుడు ఆ మెట్టు దిగుడు మెట్టు, ఎక్కుడు మెట్టు కాదు. వెంట్రుక దిగిపోతుంది. ఇబ్బంది శుభ్రం చేసేనాడు. చాంబర్ వైపు నుంచి వెదురుబద్దో స్ప్రింగో తోస్తే పైపు అడుగున పాకుతూ వచ్చి బుష్ గోడకి గుద్దుకుంటుంది, 75 రంధ్రం దొరకదు. చదును కిందికి ఉన్న రెడ్యూసరైతే బద్ద అడుగు వెంట నేరుగా 75లోకి దూరిపోతుంది. ఇదీ నా పక్షానికే.

వాలు_లెక్క
చదును పైకి ఉన్నా అడుగున ఏటవాలు గోడ ఉంటుంది, బద్ద దాని మీదుగా ఎక్కుతుంది. బుష్‌తో పోల్చడం అన్యాయం. పైగా ఇంటి వైపు నుంచి తోయడానికి రెడ్యూసర్‌కి ముందు ఒక డోర్ బెండు (మూత ఉన్న వంపు) పెడితే ఈ గొడవే ఉండదు. మూత తెరుచుకునే వైపు గోడకి కాకుండా బయటికి ఉండాలి, చాలాచోట్ల తిరగేసి బిగిస్తారు.

నాగావళి_ఒడ్డు
మీ లెక్కలు ఒప్పుకున్నా 75 మీదే ఉన్నాను. ఒక్క సందర్భంలో వెనక్కి తగ్గుతాను: రేపు మీద అంతస్తు వేసి అక్కడి స్నానాలగదులు కూడా ఇదే లైనులో వేసే ఆలోచన ఉంటే. పెరడు రెండోసారి తవ్వడం కన్నా ఇప్పుడే 110 వేయడం నయం. అలాంటప్పుడు కూడా వరసలో రెడ్యూసర్ వద్దు. 110ని ఇంటి గోడ దాకా తెచ్చి, 75ని 110×75 వై (Y ఆకారపు ముక్క) కొమ్మలో కలపండి, వై వెనక మూతికి బిరడా బిగించండి. రేపటి లైనుకి దారి, ఇవాళ్టికి శుభ్రం చేసే మూతి.

బరంపురం_కౌంటర్
వై మంచిదే. కొమ్మని పక్కకి పడుకోబెట్టకుండా కాస్త పైకి తిప్పండి, 110 మడ్డి కొమ్మలోకి రాదు. వాలు_లెక్క గారి 35 మి.మీ. దిగుడు కూడా అలా వచ్చేస్తుంది. 40కి 1 లో మీకు మిగిలేది 10 మి.మీ., అది చాలదు. 110ని 50కి 1 చేస్తే 50 మిగులుతుంది, అందులో ఎంత తిప్పాలో దారం కట్టి చూసుకోవాలి.

గుణుపురం_గట్టు
మీద అంతస్తు ఖాయం, రెండేళ్లు పట్టొచ్చు. అయితే వై. ఒకవేళ వై దొరక్క రెడ్యూసరే వేస్తే అతికేటప్పుడు జాగ్రత్తలేంటి? గోడ మీద 75కి పొద్దంతా ఎండ.

పైపుల_పంతులు
ఎండలో 75కి సొల్యూషన్ (పైపు జిగురు) అతుకు కాదు, రబ్బరు రింగు అతుకు కావాలి. మీటరుకి డిగ్రీకి 0.08 మి.మీ. దాకా సాగుతుంది. 3 మీటర్ల పైపు, 30 డిగ్రీల తేడా, 7 మి.మీ. అందుకే పైపు చివర ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, సబ్బునీళ్లు రాసి, సాకెట్ అడుగు దాకా తోసి, గీత పెట్టి, 10 మి.మీ. వెనక్కి లాగాలి. నూనె, గ్రీజు రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. క్లాంపులు 75 సెంటీమీటర్లకొకటి, రెడ్యూసర్‌కి ముందు ఒకటి దగ్గరగా. ఎందుకంటే గోడ పట్టుకున్న 75 కదలదు, మట్టిలో 110 కుంగుతుంది, విరిగేది ఆ మధ్య అతుకే. 110 కింద నాలుగంగుళాల ఇసుక పరిచి, నీళ్లు పెట్టి దిమ్మిస చేసి అప్పుడు పైపు దించండి.

భూమిలో 110 వైపు సొల్యూషనే. హాక్సాతో తిన్నగా కోసి, పొట్టు గీకి, పొడిగా దూర్చి చూడండి. సగందాకా పోయి బిగుసుకోవాలి. అడుగుదాకా వదులుగా పోతే ఆ ఫిట్టింగు వాపసు. రెండు వైపులా పూసి, పావు తిప్పు తిప్పుతూ దూర్చి, అర నిమిషం పట్టుకోండి. మండు వేసవిలో మధ్యాహ్నం అతకొద్దు, పూసేలోపే ఆరిపోతుంది.

వాలు_లెక్క
పావు తిప్పులోనే ఒక చిక్కుంది. చదును ఉన్న రెడ్యూసర్‌ని తిప్పి ఆపితే చదును పక్కకి పోతుంది, ఆరాక కదలదు. పొడిగా దూర్చినప్పుడే పైపు మీద, రెడ్యూసర్ మీద కలిపి ఒక గీత గీయండి. పూశాక గీతకి పావు చుట్టు ముందు మొదలుపెట్టి గీత మీద ఆపండి.

నాగావళి_ఒడ్డు
చాంబర్ గోడలో 110 దూర్చేచోట కూడా. సిమెంటు ప్లాస్టిక్కుని పట్టుకోదు, వానాకాలంలో ఆ సందులోంచి మట్టి కారి చాంబర్ నిండుతుంది. గోడలో ఉండే జానెడు మేర సొల్యూషన్ పూసి పొడి ఇసుక చల్లి ఆరబెట్టండి, గరుకు వస్తుంది, సిమెంటు పట్టుకుంటుంది. నునుపు పైపుని మిస్త్రీ అలాగే పెట్టేయబోతే ఆపండి.

గుణుపురం_గట్టు
ఇసుక సంగతి మేస్త్రికి చెప్పాను, ఒప్పుకున్నాడు. చదును కిందికే అని ఇంకా అంటున్నాడు. వై కోసం పర్లాకిమిడికి కబురు పెట్టాను.

పైపుల_పంతులు
అంటాడు మరి. దొరక్కపోతే కిందికే పెట్టండి, 40కి 1 వదలకండి.

వాలు_లెక్క
పైకి. 50కి 1.