చర్చ: సైకాలజీ డిసర్టేషన్‌కి కొత్త ప్రశ్న ఎక్కడి నుంచి తేవాలి?

పీజీ_ఫైనల్_పద్మ
ఎమ్మే సైకాలజీ రెండో ఏడు. సినాప్సిస్ ఇవ్వాలి. "ఇంటర్ విద్యార్థుల్లో భావోద్వేగ ప్రజ్ఞ, చదువు ఒత్తిడి" అని పట్టుకెళ్తే మేడమ్ చూసి "ఇందులో కొత్తేముందమ్మా" అన్నారు. సోషల్ మీడియా, ఆత్మగౌరవం అన్నా అదే మాట. కొత్తది అంటే ఏంటో మాత్రం చెప్పరు. మీరంతా ప్రశ్న ఎలా పట్టుకున్నారు? శాంపిల్ ఎంతుండాలి? తెలుగులో ఉన్న స్కేళ్ళు (కొలిచే ప్రశ్నాపత్రాలు) ఎక్కడ దొరుకుతాయి? ఇంకోటి, గైడు ముందే ఒక టాపిక్ మనసులో పెట్టుకుని మన నోటితో చెప్పించాలని చూస్తున్నారేమో ఎలా తెలుస్తుంది?

బెజవాడ_కుర్రోడు
ఆఖరి దానికి నేను చెప్తా. పెట్టుకునే ఉంటారు. మా గైడు దగ్గర పీహెచ్‌డీ చేసే ఆయనకి డేటా కావాల్సొచ్చింది. మా బ్యాచ్‌లో నలుగురికీ ఒకటే స్కేలు, తలా ఒక కాలేజీ. ఎండలో తిరిగి ఫారాలు నింపించింది మేము, పేపరు వచ్చింది వాళ్ళిద్దరి పేర్ల మీద. కొత్త ప్రశ్న అట, కొత్త ప్రశ్న.

శోధగంగ_ఈతగాడు
అమ్మాయ్, ముందు మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధగంగ సైటులోకెళ్ళి నీ మొదటి టాపిక్ వెతుకు. ఫలానా జిల్లా విద్యార్థుల్లో ఫలానా దానికీ ఫలానా దానికీ సంబంధం, ఆడ మగ, పల్లె పట్నం, సర్కారు ప్రైవేటు, రెండేసి గుంపుల సగటులు పోల్చే మూడు టీ-టెస్టులు, అయిపోయింది. రీసెర్చ్ గ్యాప్ అన్న చోట "ఈ జిల్లాలో ఇలాంటి అధ్యయనం జరగలేదు" అని ఒక వాక్యం. 2022లో ఆంధ్రాలో 13 జిల్లాలు 26 అయ్యాయి కాబట్టి గ్యాపులు కూడా రెట్టింపయ్యాయి. ఇంకా ప్రశ్నలకి కరువేంటి?

పాలమూరు_పిల్ల
నవ్వొచ్చింది గని అన్నా, జిల్లా మార్చుడు అంత తప్పేంది? అమెరికా కాలేజీ పోరగాండ్ల మీద చేసి మనిషంటే గిట్లనే ఉంటడు అని రాస్తే అది సైన్సు. మేం నారాయణపేటల చేస్తే నకలు. మంచిగుంది లెక్క.

డల్లాస్_పోస్ట్‌డాక్
నేను జర్నళ్ళకి రివ్యూలు చేస్తుంటాను కాబట్టి చెప్తున్నా. పాలమూరు గారూ, మీరన్నదే 2010లో హెన్రిక్, హైన్, నోరెంజయన్ పెద్ద పేపరుగా రాశారు. పాశ్చాత్య దేశాల్లో చదువుకున్న కొద్దిమందిని చూసి మనుషులందరి గురించీ మాట్లాడేస్తున్నామని. అయితే చోటు మారిస్తే చాలదు. చోటు మారితే జవాబు ఎందుకు మారాలో ముందే చెప్పగలగాలి. వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు స్టాన్‌ఫర్డ్‌లో పిల్లల ముందు మార్ష్‌మాలో మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే రెండిస్తానన్నాడని అందరికీ తెలుసు, దానికి ముందు కరీబియన్ దీవి ట్రినిడాడ్ వెళ్ళాడని ఎవరూ చదవరు. అక్కడ ఆఫ్రికా మూలాల వాళ్ళూ, మన దేశం నుంచి కూలికెళ్ళిన వాళ్ళ సంతతీ పక్కపక్కనే ఉంటారు. ఆఫ్రికా మూలాల వాళ్ళకి రేపటి గురించి చింత లేదని మనవాళ్ళు, మనవాళ్ళు దాచుకోవడమే తప్ప తినరని వాళ్ళు. ఆ మాటలు విని ఆయన పిల్లల్ని అడిగాడు: చిన్న మిఠాయి ఇప్పుడా, పెద్దది తర్వాతా? 1958లో అచ్చయింది. రెండు వర్గాల పిల్లల మధ్య తేడా కనపడింది. ఇంట్లో తండ్రి లేని పిల్లలు "ఇప్పుడే" అనడం ఎక్కువని కూడా కనపడింది. ప్రశ్న అంటే అలా రావాలి.

లెక్కల_మాస్టారు
మార్ష్‌మాలో తేకండి మహాప్రభో. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ 900 మందికి పైగా పిల్లల డేటాతో మళ్ళీ చూస్తే చిన్నప్పుడు ఆగగలగడానికీ తర్వాత చదువులో రాణించడానికీ ఉందన్న పాత సంబంధం సగానికి పడింది. తల్లి చదువూ ఇంటి పరిస్థితీ లెక్కలోకి తెస్తే మిగిలింది చిటికెడు. ఓపిక ఉన్న పిల్లలు గొప్పవాళ్ళవుతారని ఇంకా స్టేజీల మీద చెప్తున్నారు, సిగ్గులేదు.

డల్లాస్_పోస్ట్‌డాక్
తగ్గింది అన్నా తేలిపోయింది అన్నా ఒకటి కాదు సార్. పైగా నేను మాట్లాడింది ట్రినిడాడ్ గురించి, మీరు జవాబిచ్చింది స్టాన్‌ఫర్డ్‌కి. చదివి కోప్పడండి. 2013లో కిడ్ బృందం పెట్టిన మెలిక చూడండి: ముందుగా మంచి రంగులు తెస్తానని చెప్పి తెచ్చిన పెద్దమనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. తెస్తానని చెప్పి తేని మనిషి దగ్గర 3 నిమిషాలు. ఓపిక పిల్లవాడిలోనే ఉందా, ఎదుటివాడి మాట మీద ఉందా? పాత ప్రయోగాన్ని పట్టుకుని కొత్త ప్రశ్న వేయడం ఇలాగే.

రేపల్లె_రాణి
ఇది మా వీధి చీటీలో రోజూ చూసేదే. ఇరవై మంది, లక్ష చీటీ. మొదటి నెలల్లో బాగా తగ్గించి పాడేసుకునేవాళ్ళకి ఆగే ఓపిక లేదంటారు అందరూ. అదేం కాదు. చీటీ నడిపే ఆవిడ ఇల్లు అమ్మకానికి పెట్టిందని మాట పుట్టిన నెలలో, ఏ అవసరమూ లేని మా ఎదురింటాయన 68 వేలకి పాడుకుని డబ్బు తెచ్చి బీరువాలో పెట్టుకున్నాడు. ఆ ముందు నెల పాట 81 వేల దగ్గర ఆగింది.

బ్యాంకు_బాబాయ్
అమ్మా, చీటీ పాడేది అవసరం ఉన్నవాడు. పిల్ల పెళ్ళి, కాలేజీ ఫీజు, ఆసుపత్రి. ఇందులో మానసిక శాస్త్రం ఏముంది?

రేపల్లె_రాణి
బీరువాలో పెట్టుకున్నాడని రాశాను కదా బాబాయ్. బీరువాకి పెళ్ళా?

బ్యాంకు_బాబాయ్
ఆయన నీకు చెప్పని అవసరం ఏదో ఉండుంటుంది. నలభై ఏళ్ళు జనం డబ్బు చూసినవాణ్ణి. అసలు రిజిస్టర్ కాని చీటీలో చేరడమే తప్పు. 1982 చట్టం ఉంది, నిర్వాహకుడి కమిషన్ గరిష్ఠంగా 5 శాతం ఉండేది, సవరణ తర్వాత 7. మీ వీధి ఆవిడ ఎంత తీసుకుంటోందో అడిగారా?

పాలమూరు_పిల్ల
గా ముచ్చట పోలీసోళ్ళు చూసుకుంటరు తియ్. అవసరం ఉన్నోళ్ళల్ల గూడ ఒకరు 70కి పాడుతరు, ఒకరు 80 దాక ఆగుతరు. గది ఎందుకో చెప్పు బాబాయ్.

మోడరేటర్
చీటీల చట్టం మీద వేరే చర్చ తెరవండి. ఇక్కడ ప్రశ్న డిసర్టేషన్ గురించి.

హైటెక్‌సిటీ_డేటా
ఎందుకింత కష్టం? గూగుల్ ఫారంలో ఓ 80 ప్రశ్నలు పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పు. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో అన్నిటికీ కోరిలేషన్ (ఒకదానితో ఒకదానికి సంబంధం) కొట్టు. ఎక్కడ స్టార్ (సంబంధం ఉన్నట్టు చూపే గుర్తు) వస్తే అదే నీ ప్రశ్న. వారంలో చాప్టర్లు రెడీ.

లెక్కల_మాస్టారు
80 ప్రశ్నలంటే 3160 జతలు. నీ డేటాలో ఏ సంబంధమూ లేకపోయినా నూటికి ఐదు పొరపాట్లు ఒప్పుకునే 0.05 గీత కింద సుమారు 158 స్టార్లు మెరుస్తాయి. వాటిలో ఒకటి ఏరుకుని "నేను ముందే ఊహించాను" అని రాయడానికి 1998లోనే కెర్ అనే ఆయన పేరు పెట్టాడు, హార్కింగ్ అని. 2015లో వంద పాత ప్రయోగాలు మళ్ళీ చేస్తే 36 శాతమే నిలబడ్డాయంటే నీలాంటి వాళ్ళ పుణ్యమే.

హైటెక్‌సిటీ_డేటా
నాలాంటి వాళ్ళు ఏంటండీ? డేటా చూడకుండా ప్రశ్న ఆకాశం నుంచి ఊడిపడుతుందా? మీ కాలం పోయింది.

డల్లాస్_పోస్ట్‌డాక్
చూడటం తప్పు కాదు, చూసి పట్టుకున్నానని రాయాలి. తర్వాత వేరే మనుషుల మీద పరీక్షించాలి. దొరికిన డేటాతోనే రుజువు కూడా చేస్తానంటే కుదరదు. ఇక్కడితో వదిలేయండి ఇద్దరూ.

రిటైర్డ్_లెక్చరర్
ఇంతసేపూ ట్రినిడాడ్, స్టాన్‌ఫర్డ్. మన దేశం నుంచి పుట్టిన ప్రశ్న ఒక్కరికీ గుర్తు రాలేదా? 1934 జనవరి 15, బిహార్ భూకంపం. జమునా ప్రసాద్ ఆ తర్వాత లేచిన పుకార్లు పోగుచేసి 1935లో పేపరు రాశాడు. ఆ పుకార్లలో ఒక వింత ఉంది. భూమి కంపించినా పెద్ద నష్టం జరగని ఊళ్ళలో జనం ఇంకా ఘోరమైనవి చెప్పుకున్నారు. గ్రహణం నాడు మళ్ళీ కంపిస్తుందట, తుపాను వస్తుందట. భయపడ్డవాడు ధైర్యం చెప్పే మాట వెతుక్కోవాలి గదా, మరింత భయపెట్టే మాట ఎందుకు నమ్ముతాడు? తర్వాత డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు దుర్గానంద్ సిన్హా చూశాడు, 1952లో రాశాడు. అక్కడ ఇళ్ళూ మనుషులూ నిజంగానే పోయారు. అలాంటి చోట ఈ రకం పుకార్లు లేవు.

లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికా సైకాలజిస్టు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు. కళ్ళెదుట నష్టం లేదు, గుండెల్లో వణుకు ఉంది. రెంటికీ పొత్తు కుదరాలంటే వణుక్కి తగ్గ కారణం కావాలి, అది పుకారు ఇస్తుంది. మనసులో పొసగని రెండు విషయాలుంటే వాటికి పొత్తు కుదుర్చుకోవాలని చూస్తామనే, 1957లో వచ్చిన కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతానికి విత్తనం ఇది. అంటే మన బిహార్ డేటా. కాబట్టి పద్మా, సంబంధం ఉందా లేదా అని అడగడం మానెయ్. మామూలుగా ఇలా జరగాలి, ఇక్కడ అలా జరగలేదేం అని అడుగు. నా దగ్గర చదివినవాళ్ళందరికీ ఇదే చెప్పాను, విన్నవాళ్ళు బాగుపడ్డారు.

బెజవాడ_కుర్రోడు
సార్, విన్నవాళ్ళ గైడ్లు కూడా విన్నారా?

పీజీ_ఫైనల్_పద్మ
రాణి అక్కా, ఆ బీరువా ఆయన నన్ను నిద్రపోనివ్వట్లేదు. ఇలా రాసుకున్నా, చూడండి: "చీటీ నడిపే మనిషి మీద అనుమానం పుడితే, డబ్బు అవసరం లేనివాళ్ళు కూడా నష్టానికి ముందుగా పాడుకుంటారా? పాడుకున్నాక ఆ అనుమానం ఇంకా పెరుగుతుందా?" రెండోది బిహార్ కథ చదివాక వచ్చింది. మేడమ్ ఇది ఎకనామిక్స్ అంటారేమో.

రేపల్లె_రాణి
మా వీధి పేరు మాత్రం రాయకు తల్లీ.

లెక్కల_మాస్టారు
రెండో భాగం బాగుంది. నిజం చీటీల జోలికి పోకు, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు నోరు విప్పరు, ఎథిక్స్ కమిటీ పట్టుకుంటుంది. ఊహించిన చీటీ కథ రాసి జనానికి ఇవ్వు. నాలుగు రకాలు: అవసరం ఉన్న మనిషి లేదా లేని మనిషి, వాళ్ళకి జతగా మంచి పేరున్న నిర్వాహకురాలు లేదా అనుమానం పుట్టిన నిర్వాహకురాలు. ఒక్కొక్కరికి ఒక్క కథే, ఎవరికి ఏది అన్నది లాటరీ వేసి పంచు. ఎంతకి పాడతావు, ఆమె మీద నమ్మకమెంత, రెండూ అడుగు.

బ్యాంకు_బాబాయ్
కాగితం మీద పాట ఏం పాటయ్యా? పాట అంటే పక్కవాడి మొహం చూసి పాడేది. వాడు గొంతు సవరించుకుంటే వీడు ఇంకో వెయ్యి తగ్గిస్తాడు. ఒంటరిగా కూర్చోబెట్టి అంకె రాయమంటే ఎవడైనా బుద్ధిమంతుడిలా రాస్తాడు.

రేపల్లె_రాణి
ఇది మాత్రం ఒప్పుకుంటా. కరోనాలో మా పాట వాట్సాప్‌కి మారింది. అందరికీ డబ్బు కటకటే, అయినా ఎవరూ తెగించి తగ్గించలేదు. లాక్‌డౌన్ ఎత్తేసి మళ్ళీ ఆవిడ వరండాలో కూర్చున్న నెల నుంచి మామూలే.

బ్యాంకు_బాబాయ్
కటకట ఉంటే ఇంకా తగ్గించి పాడాలి కదా?

పీజీ_ఫైనల్_పద్మ
ఆగండి ఆగండి. అక్కా, ఆ నెలల పాటలు ఎంతెంతకి పోయాయో ఆవిడ పుస్తకంలో రాసి ఉంటాయా?