రుద్రమ వేషానికి చేతికుట్టా, మిషన్ కుట్టా? ఒకాయన అసలు కుట్టే వద్దంటున్నాడు

పానగల్లు టైలరమ్మ:
నల్గొండలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, స్కూలు డ్రెస్సులు, పండగలొస్తే లంగా ఓణీలు, అదే నా పని. ఈసారి ఒక కాలేజీ వాళ్ళు రుద్రమదేవి నాటకం వేస్తూ పదకొండు వేషాలకు బట్టలు నన్నే కుట్టమన్నారు. చివరి సీను చందుపట్లలో. అదేనండీ, నకిరేకల్ దగ్గరి మన చందుపట్ల, 1289 నవంబరు 27 నాటి శాసనం దొరికిన ఊరు, ఆమె చనిపోయిన సంగతి తెలిసింది దాని వల్లే. దాంతో వాళ్ళ చరిత్ర సారు "అప్పుడు మిషన్లు లేవు, మిషన్ కుట్టు ఒక్కటి కనబడినా ఒప్పుకోను" అని కూర్చున్నారు. నాటకం నేర్పే సారేమో ముఖమల్ గుడ్డ, చమ్కీ, వెనక జిప్పు అంటున్నారు. ఒక్క రవిక మొత్తం చేత్తో కుడితే నాకు రెండు రోజులు పడుతుంది, పదకొండు వేషాలంటే కళ్ళు పోతాయి. ఎవరి మాట వినాలి?

మిర్యాలగూడ కత్తెర:
ఎవరి మాటా వినకు చెల్లె, మిషన్ మీద లాగించెయ్. ముందు వరసలో కూర్చున్నోడికి కూడా కుట్టు కనబడదు, మైకు సరిగ్గా పనిచేస్తుందా లేదా అన్నదే చూస్తాడు. లోపల దారాలు ఊడకుండా ఓవర్‌లాక్ కొట్టు, అంచులకు మాత్రం చేత్తో తురపాయి (అంచు మడిచి వేసే కుట్టు) వెయ్యి, సారు వచ్చి అంచు పట్టుకుని చూసి సంతోషపడతాడు. జిప్పు మాత్రం వద్దు, కానీ చరిత్ర కోసం కాదు. గ్రీన్‌రూములో తొందరలో జిప్పు పట్టేసిందంటే సీను పోయినట్టే. తాళ్ళు పెట్టు.

పాలమూరు పాతరాయి:
ప్రశ్నే తప్పుగా అడిగారు. అక్కా, మీరుండేది పానగల్లులో, పొద్దున నడకకు పోయినప్పుడు పచ్చల సోమేశ్వరాలయం గోడలు ఒక్కసారి టైలరు కళ్ళతో చూడండి. మగవాళ్ళకు మోకాళ్ళ దాకా కాసె పోసి (కాళ్ళ మధ్య నుంచి తీసి వెనక దోపి) కట్టిన బట్ట, నడుముకు దట్టి (నడికట్టు), దాని కొసలు ముందుకు వేలాడుతుంటాయి. ఆడవాళ్ళకు కూడా నడుము కింద మడతలే, పైన నగలు. చేతుల రవిక ఎక్కడుంది, కాలరు ఎక్కడుంది? అది కుట్టిన బట్ట కాదు, కట్టిన బట్ట. సూది తెలియక కాదు, అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందటి అజంతా బొమ్మల్లోనే చేతులున్న అంగీలు ఉన్నాయి. మన ఎండకు, మన పత్తికి కట్టుకోవడమే హాయి కాబట్టి కట్టుకున్నారు. లేని కుట్టును చేత్తో కుట్టినా, మిషన్ మీద కుట్టినా అబద్ధం అబద్ధమే.

గద్వాల అంచు:
బాగుంది తమ్ముడూ, మరి కాలేజీ పిల్లను ఆ శిల్పంలో ఉన్నట్టే స్టేజీ ఎక్కించమంటావా? వాళ్ళమ్మానాన్నలు ముందు వరసలోనే కూర్చుంటారు. ఇంకో మాట. రాతిలో కనబడలేదంటే లేదని కాదు. రుద్రమ కాలంలో మోటుపల్లి రేవు గురించి మార్కో పోలో చెప్పిన దాంట్లో ఇక్కడి నూలు బట్ట సాలెగూడంత పలచగా ఉంటుందని ఉంది. అంత పలచని బట్టను శిల్పి నల్లరాతిలో ఎట్లా చూపిస్తాడు? అంచు గీత గీసి వదిలేస్తాడు. (తమాషా ఏమిటంటే ఇంగ్లీషు అనువాదాల్లో ఆ బట్టకు పెట్టిన పేరు బక్రం. ఇప్పుడు మనం కాలరు బిర్రుగా నిలబడాలని లోపల పెట్టే బక్రం కూడా ఆ మాటే!)

మిర్యాలగూడ కత్తెర:
కట్టిన బట్ట అనడం సులువు తమ్ముడూ. రుద్రమ కత్తి తిప్పాలి, మెట్లెక్కాలి, ఒక సీనులో కింద పడాలి. కాసె జారితే ఆ పిల్ల పరువు నువ్విస్తావా?

పాలమూరు పాతరాయి:
అన్నా, కాసె పోసి కట్టిన బట్టతోనే యుద్ధాలు చేశారు, నాట్లు కూడా వేశారు. మా నాయనమ్మ కాసె కట్టి పొద్దంతా మడిలో వంగి ఉండేది, ఒక్క పిన్నీసు ఉండేది కాదు. జారేది బట్ట కాదు, మనకు కట్టడం రాక. ఇంకో సంగతి, శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. కొలువులో మగ వేషమే. కాబట్టి రవిక గొడవే లేదు, ఆడపిల్ల కాబట్టి లోపల ఒక చేతుల బనీను లాంటిది వేసి, పైన ఉత్తరీయం అడ్డంగా బిగించి కట్టండి.

కోదాడ కొత్తమ్మాయి:
నేను ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతున్నా. మన ఉమ్మడి జిల్లా నాటకం కాబట్టి పోచంపల్లి ఇక్కత్ వాడొచ్చు కదా? దట్టీకి పుట్టపాక తేలియా రుమాలు (నూనెలో నానబెట్టిన నూలుతో నేసే ఇక్కత్) చాలా బాగుంటుంది. నాటక సారుకు కబాయి (పొడుగు అంగీ), కుళ్ళాయి (పొడుగు టోపీ) కూడా చెప్పండి, రాచఠీవి వస్తుంది.

గద్వాల అంచు:
అమ్మా, మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి చెబుతున్నా, కోపం తెచ్చుకోకు. పోచంపల్లికి ఇక్కత్ పని చీరాల నుంచి వచ్చింది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. 1289లో చనిపోయిన మనిషికి దాన్ని కడితే చరిత్ర సారు చేతిలో నువ్వు ముందు చనిపోతావు. మా గద్వాల చీర కూడా వద్దు, నా మాట నేనే కాదంటున్నా, ఆ కుప్పడం అంచు చూడగానే పెళ్ళి గుర్తొస్తుంది. కుళ్ళాయి, కబాయి విజయనగరం కొలువు సంగతి, లేపాక్షి బొమ్మల్లో చూడు. ఆ బొమ్మలు రుద్రమకు రెండు వందల ఏళ్ళకు పైగా దూరం.

పానగల్లు టైలరమ్మ:
అందరి మాటా చదివాను, బుర్ర వేడెక్కింది. సరే, రుద్రమకు కాసె కడతాను. కానీ దాసీలకు, సైనికులకు రవికలు, అంగీలు కావాలని నాటక సారు పట్టు వదలడం లేదు. వాటికి ఏం చేయాలి? ఒక గొడవ చెబుతాను. పోయినేడాది ఇంకో చోట సైనికుడి అంగీ కుట్టాను, మిషన్ మీదే, కొలత ఇంచు కూడా తప్పలేదు. కుర్రాడు కత్తి పైకెత్తగానే చంక కింద పర్రుమని చినిగింది. జనం నవ్వారు, నేను తెర వెనక తల పట్టుకున్నాను.

మిర్యాలగూడ కత్తెర:
అది మిషన్ తప్పు కాదు, కటింగ్ తప్పు. నువ్వు జాకెట్టు కట్ చేసినట్టు చంక గుండ్రంగా తీసి, చెయ్యిని బిగుతుగా ఎక్కించి ఉంటావు. చేతులు కిందికి ఉన్నంతసేపే అది బాగుంటుంది. పాత అంగీల్లో గుండ్రం కోతే ఉండదు. ఒళ్ళు ఒక నిలువు ముక్క, చెయ్యి ఇంకో నిలువు ముక్క, రెండూ కలిసే చోట చంకలో నాలుగు ఇంచుల చౌకం ముక్క మూలకు తిప్పి పెడతారు. క్రాస్ మీద పడుతుంది కాబట్టి చెయ్యి ఎత్తితే సాగుతుంది, దించితే మడత పడి దాక్కుంటుంది. గుడ్డ వేస్టు కూడా కాదు. ఆ ముక్క మూలల్లో మాత్రం చేత్తో బఖియా (సూది వెనక్కి తీసి వేసే గట్టి కుట్టు) వెయ్యి, రెండు సార్లు. మిగతాది మిషన్ మీద. చంక లోపల ఎవడూ తొంగి చూడడు.

పాలమూరు పాతరాయి:
ఈ మాట మాత్రం ఒప్పుకుంటా. అంగీ కాకతీయులదని ఒప్పుకోను గానీ, కోత పాతదే. అసలు చేతికుట్టు అంటే పాతది, మిషన్ అంటే కొత్తది అనుకోవడంలోనే ఉంది తిరకాసు. ఇదే కాలేజీ వచ్చే ఏడు సాయుధ పోరాటం నాటకం వేస్తే అప్పుడేం చేస్తారు? సింగర్ పేటెంటు 1851 నాటిది, పోరాటం 1946 నుంచి 1951 దాకా. అప్పటి ఖాకీ చొక్కా చేత్తో కుడితేనే తప్పు. ఆ సారును ముందు ఏ ఏడు, ఎవరి ఒంటి మీది బట్ట అని అడగండి, కుట్టు సంగతి తర్వాత.

కోదాడ కొత్తమ్మాయి:
ఇక్కత్ మాట వెనక్కి తీసుకున్నా 😅 కానీ ముఖమల్ సంగతి ఎవరూ మాట్లాడలేదు?

గద్వాల అంచు:
ముఖమల్ వద్దే వద్దు. లైట్ల కింద పిల్లలు చెమటకు తడిసిపోతారు. మల్ గుడ్డ (పలచని నూలు బట్ట) కొను, పసుపు, కరక్కాయ లాంటి రంగులు వెయ్యి, ఫ్లోరసెంట్ రంగు ముట్టుకోకు. రసాయన రంగులు 1856 తర్వాతివే. ఇంకొకటి అక్కా, మల్ మీద మిషన్ టెన్షన్ ఎక్కువైతే కుట్టంతా ముడతలు పడుతుంది. సన్నసూది వేసి, గుడ్డ కింద న్యూస్‌పేపరు ముక్క పెట్టి కుట్టు, తర్వాత పేపరు చింపెయ్. ముందు కచ్చాకుట్టు (తర్వాత తీసేసే వదులు కుట్టు) వేసుకోవడం మర్చిపోకు, మల్ పాములా జారుతుంది.

పానగల్లు టైలరమ్మ:
సరే అయితే. రవికలు, అంగీలు మిషన్ మీద, చంకలో చౌకం ముక్క. పైకి కనబడే అంచులు మాత్రం చేత్తో, అది నాకే ఇష్టం, సారు కోసం కాదు. చేత్తో మడిచిన అంచు ఒంటి మీద మెత్తగా వాలుతుంది, మిషన్ అంచు రేకులా నిలబడుతుంది. రుద్రమకు అసలు కుట్టను. రేపు ఆ అమ్మాయిని షాపుకు పిలిచి, కాసె కట్టి, చేతికి స్కేలు ఇచ్చి తిప్పమంటాను. జారితే కుడతాను.

మిర్యాలగూడ కత్తెర:
జారుతుంది. లోపల నడుముకు తాడు కట్టు.

పాలమూరు పాతరాయి:
జారదు. తాడు మాత్రం కట్టండి.