మిర్చి యూనిట్‌లో రోజూ "అయిపోద్ది సార్" అంటారు, సాయంత్రానికి అవ్వట్లేదు. ఏం చేయాలి?

ఏటుకూరు రోడ్డు:
అందరికీ నమస్కారం. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో కొన్నాళ్లు చేసి, ఇప్పుడు గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. కోల్డ్ స్టోరేజీ నుంచి తేజ రకం మిరపకాయలు వస్తాయి. ఆడవాళ్లు తొడిమలు తీసి, తాలు (రంగు పోయి తెల్లబడ్డ కాయలు) ఏరతారు. పాతిక కిలోల బస్తాలు కుట్టి, కంటైనర్‌కి ఎక్కించి చెన్నై పోర్టుకి పంపుతాం. తొడిమల పనికి నలభై మంది దాకా వస్తారు. వాళ్లని తీసుకొచ్చే మేస్త్రి ఒక పెద్దావిడ.

మధ్యాహ్నం అడిగితే "అయిపోద్ది సార్" అంటారు. సాయంత్రం చూస్తే యాభై, అరవై బస్తాలు తక్కువ. ఓనర్ గారేమో వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ నన్ను నిలదీస్తారు. నేను గట్టిగా మాట్లాడితే మేస్త్రి మర్నాటి నుంచి ముఠాని పక్క యూనిట్‌కి తీసుకుపోతుంది. సీజన్ కదా, రమ్మనేవాళ్లకి కొదవ లేదు. శుక్రవారం కంటైనర్ ఉంది. ఇంకో పదిహేను మందిని పెట్టుకోమంటున్నారు ఓనర్ గారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఇలాంటి పని నడిపినవాళ్లు ఉంటే చెప్పండి.

బెంజి సర్కిల్:
నాది సాఫ్ట్‌వేర్, విజయవాడ. మా వాళ్లు కూడా "తొంభై శాతం అయింది" అంటారు, మిగతా పదికి ఇంకో వారం పడుతుంది. ఎంతవరకు వచ్చిందని అడక్కండి, కుట్టిన బస్తాలు లెక్కపెట్టండి. కుట్టకపోతే సున్నా కిందే లెక్క. రోజూ పొద్దున పది నిమిషాలు అందరినీ నిలబెట్టి టార్గెట్ చెప్పి, బోర్డు మీద రాయండి.

పాత గుమాస్తా:
బెంజి సర్కిల్ గారూ, కిలో లెక్కన డబ్బులొచ్చే మనిషిని పది నిమిషాలు నిలబెడితే ఆ కూలి ఎవరిస్తారండీ? కుట్టిన బస్తాలే లెక్క అన్నది మాత్రం బాగుంది. అది పట్టుకో తమ్ముడూ.

నేను కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర, తర్వాత యూనిట్లలో చాలా ఏళ్లు గుమాస్తాగిరీ చేశాను. నువ్వు రాయని సంగతి ఒకటుంది. సరుకు నీ షెడ్డులోకి ఎన్నింటికి దిగుతోంది? సరుకు ఇవ్వమని కోల్డ్ స్టోరేజీకి డెలివరీ చీటీ పొద్దున పంపావనుకో, హమాలీ ముఠా నీ వంతు వచ్చి టిక్కీలు (మిర్చి బస్తాలు) దించేసరికి పదకొండు దాటుతుంది. దించగానే విప్పడానికీ లేదు. చల్లటి కాయకి బయటి గాలి తగిలితే చెమ్మ పడుతుంది, కాసేపు ఆరాలి. ఈలోపు భోజనాల వేళ. పొద్దుటి పూటంతా నీ వాళ్లు నిన్నటి అడుగూ బొడుగూ గిల్లుతూ కూర్చుని ఉంటారు. వాళ్లకి ఒక పూట కూలి పోయింది, నీకు అరవై బస్తాలు పోయాయి.

ఇప్పుడు ఇంకో పదిహేను మందిని తెచ్చావనుకో. అదే కాయని యాభై అయిదు మంది పంచుకుంటారు. తలా కూలి పడిపోతుంది. పాతవాళ్లు కొత్తవాళ్ల మీద, అందరూ కలిసి మేస్త్రి మీద పడతారు. అలవాటు లేని చేతులు తొడిమతో పాటు కాయని కూడా విరుస్తాయి, గింజ రాలిపోతుంది. అందుకని మనుషుల్ని పెంచకు. రేపటి సరుకు ఇవాళ సాయంత్రానికే షెడ్డులో ఉండేట్టు చూడు.

ఇంకోటి. తొడిమకి కిలో లెక్కన ఇస్తూ తాలు కూడా ఏరమంటున్నావు. తాలు తీసేస్తే పనిచేసే ఆడమనిషి తూకం తగ్గుతుంది, ఏరే టైమూ ఆవిడదే. మనసు పెట్టి ఎందుకు ఏరుతుంది? తాలుకి వేరే రేటు కడదామంటావేమో, కడితే మంచి కాయ కూడా తాలులోకి పోతుంది, నేను చూశాను. నలుగురిని రోజు కూలి మీద ఏరడానికి విడిగా కూర్చోబెట్టు. కాటా మాత్రం అందరి కళ్ల ముందే వెయ్యి.

"అయిపోద్ది" అని ఎందుకంటారంటే, అవ్వదంటే నువ్వు మొహం మాడ్చుకుంటావని. మేస్త్రిని పక్కకి పిలిచి "ఎక్కడ ఆగింది పెద్దమ్మా?" అని అడుగు. గోతాలు లేవందనుకో, అరగంటలో తెప్పించి పడెయ్. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి నువ్వు అడక్కుండానే ఆవిడ వచ్చి చెప్తుంది.

కాయ విరక్కుండా ఉంటుందని తొందరలో నీళ్లు చల్లుతారు, ఒప్పుకోకు. తేమ 11 శాతం దాటితే బూజుకి దారి ఇచ్చినట్టే. యూరప్‌కి వెళ్లే మిర్చిలో అఫ్లటాక్సిన్లు (బూజు వల్ల పుట్టే విషాలు) అన్నీ కలిపి కిలోకి 10 మైక్రోగ్రాములు మించకూడదు. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది కాబట్టి అనుమానం ఉంటే ఇక్కడే తేల్చుకోవచ్చు. శుక్రవారం బదులు సోమవారం వెళ్లినా పర్లేదు గానీ, ఓడ ఎక్కిన సరుకు తిరిగొస్తే యూనిట్ కోలుకోదు.

బెజవాడ కోడలు:
గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ప్యాకింగ్ సెక్షన్ చూస్తాను. గుమాస్తా గారు ఆటో సంగతి మర్చిపోయారు. మా ఆడవాళ్లు పల్లెల నుంచి షేర్ ఆటోలో వస్తారు, అది అయిదున్నరకి కదిలిపోతుంది. అయిదింటికి వచ్చి "ఇంకో గంట ఉండండమ్మా" అంటే ఎవరుంటారు? ఇంటి దగ్గర పిల్లలు, పొయ్యి. పొద్దున్నే చెప్పి, తిరుగు ఆటో మనమే మాట్లాడితే ఉంటారు, అదీ అందరూ కాదు.

ఓనర్ గారి గ్రూపు గురించి: ఆయన అడిగేదాకా ఆగకండి. ఒంటిగంటకి మీరే ఆయనకి విడిగా మెసేజ్ పెట్టండి. ఇన్ని బస్తాలు కుట్టాం, ఇక్కడ ఆగింది, సాయంత్రానికి ఇన్ని వస్తాయి అని మూడు ముక్కలు చాలు. మా షావుకారు కూడా గ్రూపులో అరిచేవారే. మధ్యాహ్నం లెక్క తెలియడం మొదలయ్యాక సగం తగ్గింది. మిగతా సగం ఆయన స్వభావం, దానికి మందు లేదు.

ఏటుకూరు రోడ్డు:
గుమాస్తా గారూ, ఇవాళ కనిపెట్టి చూశాను. సరుకు దిగేసరికి పన్నెండు కావస్తోంది. చీటీ మీద సంతకం ఓనర్ గారు పెట్టాలి, ఆయన వచ్చేది పది దాటాకే. ఇది ఆయనతో ఎలా అనను? పైగా ఆటో డబ్బులు కూడా అడగాలి.

పాత గుమాస్తా:
మీ వల్లే ఆలస్యం అని అనకు. రేపటి చీటీ రాసి పెట్టుకుని, ఇవాళ ఆయన భోజనానికి లేచే ముందు ముందర పెట్టు. ఇప్పుడెందుకని అడిగితే శుక్రవారం కంటైనర్ అని చెప్పు, చాలు. ఆటో విషయానికొస్తే, కంటైనర్ ఒక రోజు ఆగితే ఎంత పడుతుందో ముందు క్లియరింగ్ ఏజెంటుని (పోర్టులో మన కాగితాల పని చూసేవాణ్ణి) కనుక్కో. ఆ అంకె మొదట చెప్పి, ఆటో కిరాయి తర్వాత చెప్పు.